నాన్న ఎక్కే బండి

మా దీవిలో ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొంటానంటే నవ్వని మనిషి లేడు. దక్షిణాన చిడియాటాపులో బయలుదేరి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా పోతే ఇక్కడ రోడ్డే అయిపోతుంది. ఆ తరవాత ఎంత మంచి బండైనా ఈత కొట్టాల్సిందే. మా స్కూలు స్టాఫ్ రూములో ఒకావిడ, సముద్రం మీద కూడా నడుస్తుందా మేడమ్ అని అడిగింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముందు సముద్రం దాటుతుంది, నడవడం ఆ తరవాత అని చెప్పి నా టీ నేను తాగేశాను. చెప్పింది అబద్ధం కాదు. బండి ఓడెక్కి విశాఖలో దిగాలి. అక్కణ్ణుంచి రాజస్థాన్ ఎడారి దాకా రోడ్డు మీద పోవాలి. అదంతా మా నాన్న కోసం.

మా నాన్న కుర్రతనంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి, జంగ్లీఘాట్‌లో చేపలవేట మీద బతికి, ఆ చేపలతోనే నన్ను టీచర్ని చేసిన మనిషి. ఇప్పుడు వేటకి మా తమ్ముడు వెళ్తున్నాడు. నాన్న తమ్ముడి ఇంట్లోనే ఉంటాడు. కుడి మోకాలు వంగడం మానేసి చాలా కాలమైనా, రోజూ పొద్దున్నే చేతికర్ర పట్టుకుని జెట్టీకి దిగి తన డోంగీలో కాసేపు కూర్చుని వల బాగుచేసుకోకపోతే ఆయనకి అన్నం సహించదు. మా దగ్గర చిన్న ఇంజను పడవని డోంగీ అంటారు.

ఒక ఆదివారం గరాచర్మలో మా ఇంటికి భోజనానికి వచ్చి, వరండాలో కాలు చాపుకుని కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు: "నా బతుకంతా సముద్రం పక్కనే అయిపోనాది. పుట్టిన ఊరు ఒడ్డున, వచ్చిన ఊరు నడిమజ్జిన. ఎటు తిరిగినా అది అగుపడని చోట ఒక్కపాలి నిలబడాల."

మా ఆయన హార్బర్ ఆఫీసులో పనిచేస్తారు. ఏ మాటకైనా ముందు ఉపాయం చెప్పి తరవాత ఆలోచించే మనిషి. విమానంలో ఢిల్లీ వెళ్ళి అక్కడ రైలెక్కితే సరిపోతుంది మామయ్యా అన్నారు. నాన్న తల అడ్డంగా ఊపాడు. విమానంలో కళ్ళు మూసి తెరిచేలోగా సముద్రం పోతుందట. అది ఎక్కడ వదిలిపెడుతుందో చూడాలట. పైగా ఎడారిలో రోడ్డు మీద కాదు, రోడ్డు కూడా వదిలేసిన చోట నిలబడాలట. నేను తీసుకెళ్తాను నాన్నా అన్నాను. అనేముందు ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏ మంచి పనీ చెయ్యను నేను.

"వస్తాను," అన్నాడు నాన్న. "ఒకటే మాట. బండి నా అంతట నానెక్కుతాను. నన్ను నలుగురెత్తేది ఒక్కపాలే. అదిప్పుడు కాదు."

ఆ మాట వెనక ఒక సంగతి ఉంది. కిందటేడు బాంబూఫ్లాట్‌లో పెళ్ళికి వెళ్ళినప్పుడు ఫెర్రీకీ జెట్టీకీ మధ్య సందు దాటడానికి ఆయన తటపటాయిస్తుంటే, ఇద్దరు కుర్రాళ్ళు సాయం చేద్దామని రెండు చంకల కిందా చేతులు వేసి చేపలబుట్టని దించినట్టు దించేశారు. వాళ్ళది మంచి మనసే. కానీ నాన్న ఆ పెళ్ళిలో ఎవరితోనూ మాట్లాడలేదు, ముద్ద ముట్టలేదు. ఆ తరవాత ఫెర్రీ ఎక్కలేదు. కాబట్టి నాకు కావలసిన బండి ఏమిటో అప్పుడే తేలిపోయింది. ఇసకలో దిగబడనంత ఎత్తుండాలి. వంగని మోకాలున్న మొండి మనిషి ఎవరూ ముట్టుకోకుండా ఎక్కేటట్టూ ఉండాలి. ఆయన ఎక్కలేకపోతే ప్రయాణమే లేదు.

బండి దొరక్కముందే నేను నీళ్ళ డబ్బాలు, టైర్లలో గాలి కొట్టే చిన్న మిషను, ఇసకలో బండిని లాగే తాడు కొని వరండాలో పేర్చాను. "ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మా ఆయన రోజూ వాటిని దాటుకుంటూ ఆఫీసుకి వెళ్ళారు. వెళ్ళనీ.

మా దీవుల్లో పాత బండి కొనడమంటే ఇంజను చూడటం కాదు, అడుగు చూడటం. ఉప్పుగాలి పైపైన ఏమీ చెయ్యదు. కింద నుంచి తింటుంది. నాన్న దానికి తన పద్ధతి తెచ్చాడు. పడవ బల్లలు పుచ్చాయో లేదో చూడటానికి వాడే కర్రసుత్తి ఒకటి ఆయన దగ్గర ఉంది. గట్టి బల్ల ఖంగుమంటుంది, నీరు పీల్చి కుళ్ళిన బల్ల డబ్బుమంటుంది. బండి చూడటానికి వెళ్ళిన ప్రతిచోటా ఆయన ముక్కాలిపీట వేయించుకుని కూర్చుని, తలుపుల కింది అంచుల్నీ ఛాసిస్‌నీ ఆ సుత్తితో కొట్టి చెవి పెట్టి వినేవాడు. షాదీపూర్‌లో ఒక కాంట్రాక్టరు ఎర్రటి బండి చూపించాడు. పెళ్ళికొడుకులా మెరుస్తోంది. నాన్న రెండు దెబ్బలు వేసేసరికి అడుగునుంచి తుప్పు పెచ్చులు రాలి ఆయన పంచె మీద పడ్డాయి. పైన పటారం, లోన లొటారం. కాంట్రాక్టరు మాకు టీ కూడా ఇవ్వకుండా పంపించేశాడు.

ఆ తరవాత ఒక తెల్లబండి గురించి తెలిసింది. బాంబూఫ్లాట్ అవతల కొబ్బరితోటలు చూసుకునే ఒక పెద్దాయనది. నాన్న ఫెర్రీ ఎక్కడని తెలిసి ఆయనే బండిని ఫెర్రీ మీద చాథమ్ జెట్టీకి తెచ్చాడు. అందమంటూ ఏమీ లేదు. ఒక దీపం మీద గీతలు, సీట్ల మీద కొబ్బరిపీచు. గరాచర్మలో షెడ్డున్న మెకానిక్ భయ్యాని వెంట తీసుకెళ్ళాను. అతను ఇంజను విన్నాడు, నాలుగు చక్రాలకీ శక్తినిచ్చే లివరు వేసి తీసి చూశాడు, బండిని జెట్టీ పక్క మట్టిదిబ్బ మీదికి ఎక్కించి దించాడు. ఇది తీసుకోండి దీదీ అన్నాడు. అప్పుడు నాన్న సుత్తి తీశాడు. డబ్. ఇంకోచోట కొట్టాడు. డబ్. బండి చుట్టూ పీట జరిపించుకుంటూ కొట్టాడు. అన్నిచోట్లా డబ్.

"కుళ్ళిపోనాది. ఒద్దు," అని సుత్తి సంచిలో పెట్టేశాడు.

నేను వంగి చూశాను. అడుగంతా నల్లగా, మందంగా, రబ్బరులా ఏదో పూత ఉంది. తుప్పు పట్టకుండా ఆ పెద్దాయన వానలకి ముందు పూయించేవాడట. గోడకి దుప్పటి కట్టి కొడితే ఏం మోగుతుంది? ఇంటి తాళంచెవితో ఒకచోట గీకాను. పూత కింద ఇనుము తళతళలాడింది. ఇంకో నాలుగు చోట్ల గీకాను. ఎక్కడా తుప్పు చుక్క లేదు. నాన్నకి చూపించాను. ఆయన చూపు తిప్పుకుని, తారు పూసిన పడవైనా గట్టిదైతే మోగుతుందన్నాడు. నేను బండి పడవ కాదన్నాను. ఆయన తనకంటే ఎక్కువ పడవలు చూశావా అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి ఆయన. ఆయన కూతురు పట్టిన కుందేటికి మాత్రం నాలుగు ఎందుకుంటాయి? చాథమ్ జెట్టీ మీద అందరూ చూస్తుండగా ఇద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం. చివరికి బండి నేనే కొన్నాను. నాన్న దానివైపు తిరిగి కూడా చూడకుండా ఆటోలో ఇంటికి వెళ్ళిపోయాడు. మునిగినప్పుడు తెలుస్తుంది అన్నది ఆ రోజు ఆయన చివరి మాట. ఎడారిలో ఎక్కడ మునుగుతామో నేను అడగలేదు.

బండి మెకానిక్ భయ్యా షెడ్డుకి చేరింది. స్కూలు వదలగానే నేనూ అక్కడికే చేరేదాన్ని. ముందు అడుగంతా మంచినీళ్ళతో కడిగించాను. రబ్బరు గొట్టాలన్నీ మార్పించాను. బ్రేకులు విప్పించాను. ఇసకకి పనికొచ్చే వెడల్పు టైర్లు చెన్నై నుంచి ఓడలో వచ్చాయి. నాలుగు చక్రాల లివరు ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో భయ్యా ఓపిగ్గా నేర్పాడు. తారురోడ్డు మీద వెయ్యకండి దీదీ, మెత్తటి నేల రాగానే వెయ్యండి, దిగబడ్డాక కాదు, దిగబడక ముందు. గరాచర్మ వెనక కొత్త ఇళ్ళకోసం చదును చేస్తున్న ఎర్రమట్టి గుట్ట ఒకటుంది. వాన పడ్డాక అది జారుడుబల్లే. దాని మీద నేను బండిని ఎక్కించి దించి, ఎక్కించి దించి, మట్టి కొట్టుకుపోయి ఇంటికి వచ్చేదాన్ని. నా ఈడు ఆడవాళ్ళు చీర అంచు తడవకుండా నడిచే వానలో నేను గుట్టలెక్కుతున్నానంటే, చెప్పొద్దూ, నాకు నామీద భలే ముచ్చటేసింది.

నాన్న కోసం తలుపు కింద ఇనప మెట్టు ఒకటి వెల్డింగ్ చేయించాను. ఓడలో బండికి చోటు దొరికిందని మా ఆయన కబురు తెచ్చిన రోజునే నాన్నని షెడ్డుకి పిలిపించాను. ఆయన బండిని పలకరించలేదు గానీ వచ్చాడు. మంచి కాలు మెట్టు మీద పెట్టాడు. పై కమ్మీ పట్టుకుని లేచాడు. రెండో కాలు రాలేదు. కర్రలా బిగుసుకుని కిందే ఉండిపోయింది. ఇంకోసారి లేచాడు. చెయ్యి జారింది. వెనక నిలబడ్డ భయ్యా పడిపోతాడేమోనని నడుం పట్టుకోబోయాడు. నాన్న ఆ చేతిని చూశాడు. మెల్లగా కాలు దించేశాడు.

"మీరెల్లిరండి. బాగుంటాది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

ఆ సాయంత్రం నేను అందరిమీదా అరిచాను. మెట్టు మీద, మోకాలి మీద, తలుపు మీద కూడా. చిన్న కారు తీసుకుందాం, కిందికే ఉంటుంది అన్నారు మా ఆయన. కిందికి ఉంటే వంగాలి, వంగడమే కదా రానిది! పైగా అది ఇసకలో మొదటి గజంలోనే కూర్చుంటుంది. రెండో మెట్టు వేద్దామన్నాడు భయ్యా. వేశాం. నేనే కుడి మోకాలు వంచకుండా ఎక్కి చూశాను. మెట్లు ఎన్నున్నా, చివర ఆ కాలు లోపలికి రావాల్సిందే. అది రాదు. ఆయన లేకుండా నేను వెళ్ళి ఎడారిలో ఏం చూడాలి? నాకు సముద్రం మీద కోపమేమీ లేదు.

మర్నాడు బడికి సెలవు పెట్టి నాన్నతో పోట్లాడదామని పొద్దున్నే జంగ్లీఘాట్ వెళ్ళాను. ఏం పోట్లాడాలో తెలియదు, పోట్లాట మాత్రం ఖాయం. జెట్టీ మెట్ల పైన నేను నిలబడేసరికి ఆయన కింద డోంగీ దగ్గర ఉన్నాడు. చేతికర్రని ముందుగా పడవలో పడేశాడు. వీపు పడవవైపు తిప్పాడు. అలాగే వెనక్కి వాలి పడవ అంచు మీద కూర్చున్నాడు. స్తంభానికి కట్టిన తాడు చేత్తో పట్టుకుని, మంచి కాలు మీద వంగని కాలు వేసి, రెండూ కలిపి ఒక్క ఊపున లోపలికి తిప్పాడు. ఐపోయింది. వల తీసుకుని కూర్చున్నాడు.

ఆటోలోనూ ఆయన ఇలాగే ఎక్కుతాడు. నేను వెయ్యిసార్లు చూసి ఉంటాను. పడవల వాళ్ళ పిల్లనై పుట్టి, బండి అనగానే కాలు ముందుకే వెయ్యాలనుకున్నాను చూడండి! అక్కడే మెట్ల మీద గట్టిగా నవ్వేశాను. నాన్న తలెత్తి చూసి, పిచ్చిపట్టిందేమో అన్నట్టు మళ్ళీ వలలోకి వంగాడు. ఆయన వల ముగించుకుని ఇంటికి వెళ్ళేదాకా ఆగి, కిందికి దిగి, ఆయన నిలబడ్డ మెట్టు నుంచి పడవ అంచు దాకా చీరకొంగుతో కొలిచి ముడి వేసుకున్నాను. స్తంభానికున్న తాడు కూడా విప్పి సంచిలో వేసుకున్నాను. అది దొంగతనమే. ఇంకో తాడు కట్టి వచ్చాను లెండి.

కొంగు ముడి చూపించి భయ్యాకి చెప్పాను: నిలబడే చోటు నుంచి సీటు అంచు సరిగ్గా ఇంతే ఎత్తుండాలి. ఇనప మెట్లు రెండూ కోయించేశాను. వాటి బదులు మా తమ్ముడు ఇచ్చిన పడవబల్లతో వెడల్పాటి పీట ఒకటి, బండి అంచుకి కొక్కేలతో తగిలించి మడిచేసుకునేట్టు తయారుచేయించాను. తలుపు సగంలో ఆగిపోకుండా పూర్తిగా తెరుచుకునేలా దాని పట్టీ తీయించాను. సీటుని వెనక్కి జరిపించి, పక్కన ఉబ్బెత్తుగా ఉన్న దూది తీసేయించాను. పై కమ్మీకి నాన్న తాడు కట్టాను, జెట్టీలో ఎలా ఉందో అలాగే, అదే ముడితో. ఆ ముడి మాత్రం నాకు ఆయనే చిన్నప్పుడు నేర్పాడు.

"దీదీ, యే గాడీ హై యా డోంగీ?" అని అడిగాడు భయ్యా.

బండీ డోంగీ రెండూ అన్నాను.

నాన్నని షెడ్డుకి రమ్మనలేదు ఈసారి. బండిని నేనే నడుపుకుంటూ జంగ్లీఘాట్ జెట్టీ రోడ్డు మీదికి తీసుకెళ్ళి, నాన్న వల ముగించుకుని పైకి వచ్చే వేళకి ఎడమ తలుపు తెరిచి, పీట తగిలించి నిలబడ్డాను. చేపలు దించుతున్నవాళ్ళు, ఐసు కొడుతున్నవాళ్ళు చేతుల్లో పని ఆపారు. ఆ బండి గురించి, మొన్నటి సంగతి గురించి అక్కడ అందరికీ తెలుసు.

నాన్న ముందు తాడు చూశాడు. "ఇది నా తాడు," అన్నాడు. తరవాత పీట చూశాడు, చేతికర్రతో తట్టి చూశాడు. తరవాత నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను.

చేతికర్రని బండిలో పడేశాడు. పీట మీద ఒక్కో కాలూ పెట్టి నిలబడ్డాడు. వీపు తిప్పాడు. తాడు పట్టుకుని వెనక్కి వాలాడు. సీటు అంచు ఆయన కోసమే అక్కడ ఉన్నట్టు ఉంది. కాలు మీద కాలు వేసి, ఒక్క ఊపు. లోపల ఉన్నాడు. ముందుకి చూస్తూ కూర్చుని ఉన్నాడు. తలుపు తనే లాగి వేసుకున్నాడు.

నా జీవితంలో పరీక్షలు ప్యాసయ్యాను, ఉద్యోగం వచ్చింది, పిల్లలు పుట్టారు. అంత గెలిచానని ఎప్పుడూ అనిపించలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. జెట్టీ మీద ఎవరో ఈల వేశారు. నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏటలా సూస్తన్నారు? బండెక్కడం ఎప్పుడూ సూళ్ళేదేటి?" అని వాళ్ళని కసిరాడు. తరవాత నాతో మెల్లగా, తాడు ఇంకొంచెం పొట్టిగా ఉంటే బాగుంటుందన్నాడు. ఆయన మెచ్చుకోలు అంతే. నాకు అది చాలా ఎక్కువ. ఆ రోజు ఆయన్ని చిడియాటాపు దాకా తిప్పాను. దారి పొడుగునా సముద్రం కనిపిస్తూనే ఉంది. ఆయన దానివైపు చూడలేదు, గేర్లు చూశాడు.

ఓడ బయలుదేరే రోజున హాడో రేవులో మా బండి కిందుగా వెడల్పాటి పట్టీలు వేసి క్రేన్‌తో ఎత్తారు. చక్రాలు గాల్లో వేలాడుతూ మా తెల్లబండి నీళ్ళ మీదుగా తిరిగి ఓడలోకి దిగుతుంటే నేను ఆ పట్టీలనే లెక్కపెడుతూ నిలబడ్డాను. నాన్న అప్పటికే ఓడ నిచ్చెన ఎక్కేశాడు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ రెండు కాళ్ళూ పెట్టి, వెనక జనం ఎంత తొందరపెట్టినా లెక్కచెయ్యకుండా, ఎవరి చెయ్యీ అందుకోకుండా ఎక్కాడు. పైన రెయిలింగ్ దగ్గర నేను పక్కన చేరగానే గాల్లో ఉన్న బండిని గడ్డంతో చూపించాడు.

"సూసినావా గుంటా? దాన్నెత్తినారు. నన్ను కాదు."

విశాఖలో దిగాక నాన్నా నేనూ మా ఆయనా ఎక్కిన బండి కొండల్లోకి మళ్ళింది. నాన్న పక్క అద్దంలో వెనక్కి చూస్తూ కూర్చున్నాడు. ఒక మలుపు దగ్గర నీలిగీత సన్నబడి చెట్ల వెనక్కి పోయింది. అద్దం తుడిచి మళ్ళీ చూశాడు. లేదు. వదిలేసింది అన్నాడు. ఆ తరవాత ఆ అద్దం వైపు చూడలేదు. దారిలో ఎన్ని రాత్రులు ఎక్కడ ఆగామో, ఎన్ని ఊళ్ళలో ఆయన పీట దించి, వీపు తిప్పి, దిగి, ఎక్కి, చుట్టూ చేరిన జనాన్ని కసిరాడో చెప్పడం మొదలుపెడితే అదే ఒక పుస్తకం అవుతుంది.

జైసల్మేరు దాటాక తారురోడ్డు వదిలేశాం. ఇసక కనిపించగానే, దిగబడక ముందే, లివరు వేశాను. టైర్లలో గాలి కొంత తీశాం. బండి మూలిగింది, కాస్త అటూ ఇటూ ఊగింది, పడవలాగే ఊగింది, కానీ ఆగలేదు. దిబ్బ పైకి ఎక్కి నిలబడింది. మా ఆయన పీట తగిలించబోతే నాన్న ఆయన్ని ఆపి, నన్ను తగిలించమని సైగ చేశాడు. తగిలించాను. ఆయన దిగాడు.

నిలబడి మెల్లగా చుట్టూ తిరిగాడు. తూర్పు చూశాడు, దక్షిణం చూశాడు, పడమర, ఉత్తరం. ఎటు చూసినా ఇసకే. నాలుకతో పెదవి తడుపుకున్నాడు.

"ఉప్పు లేదు," అన్నాడు.

చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తరవాత తన సంచి అడిగాడు. అందులోంచి కర్రసుత్తి తీశాడు. అది తెచ్చాడని నాకు తెలియదు. తెల్లబండి దగ్గరికి వచ్చి, తలుపు కింది అంచు మీద ఒక్క దెబ్బ వేసి చెవి పెట్టాడు. డబ్బుమంది. చాథమ్ జెట్టీలో ఎలా అందో అచ్చం అలాగే.

"గట్టిదే," అన్నాడు నాన్న. సుత్తి నా చేతికిచ్చి, వీపు తిప్పి, తాడు పట్టుకుని బండెక్కాడు.